మా బాబుకి ఏడీహెచ్‌డీ అన్నారు.. మాత్ర మొదలుపెట్టాలా?

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్లు. తెలివైనవాడే, కానీ ఏ పనీ చివరిదాకా చేయడు. క్లాసులో కుదురుగా కూర్చోడు, టీచర్ ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పేస్తాడు, వారానికో పెన్సిల్ బాక్సు పోగొడతాడు. అరగంట హోంవర్క్‌కి రెండున్నర గంటలు పడుతుంది. చివరికి నేను అరవడం, వాడు ఏడవడం. పిల్లల మానసిక వైద్యురాలు రెండుసార్లు చూసి, టీచర్ చేత కూడా ఫారాలు నింపించి, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం) అన్నారు. మిథైల్‌ఫెనిడేట్ మాత్రలు రాశారు. మమ్మల్ని కూడా శిక్షణకి రమ్మన్నారు. ఆ చీటీ రెండు నెలలుగా బీరువాలోనే ఉంది. మావారు ‘పసివాడికి మెదడు మందులేంటి’ అంటున్నారు. మా అత్తగారు ‘వీళ్ల నాన్న కూడా ఇంతే, పెద్దయితే కుదురుకుంటాడు’ అంటారు. ఎవరో చెబితే పంచదార మానేశాం, తేడా ఏమీ లేదు. ఒక సెంటర్ వాళ్లు తలకి తీగలు పెట్టి మెదడుకే శిక్షణ ఇస్తామంటున్నారు, నలభై సిట్టింగులట. మందు లేకుండా తగ్గదా? వేస్తే మొద్దుబారిపోతాడా? అలవాటు పడిపోతాడా? వాడికి ఏమని చెప్పి మాత్ర ఇవ్వాలి? అసలు తప్పు నా పెంపకంలోనే ఉందా?
– ఓ తల్లి

సమాధానం: అమ్మా, పెంపకం సంగతి ముందు తేల్చేద్దాం. అది మనసులో గుచ్చుకుంటూ ఉంటే మిగతాదేదీ బుర్రకెక్కదు. తప్పు మీ పెంపకంలో లేదు. ‘వీళ్ల నాన్న కూడా ఇంతే’ అని మీ అత్తగారు అన్నారు చూశారా, ఆవిడ తెలియకుండానే అసలు విషయం చెప్పేశారు. కవలల మీద జరిగిన అధ్యయనాలను బట్టి చూస్తే, ఏడీహెచ్‌డీ విషయంలో మనిషికీ మనిషికీ కనిపించే తేడాల్లో సుమారు 70 నుంచి 80 శాతం జన్యువుల వల్ల వచ్చేవే. గారాబం చేసినందుకు ఏడీహెచ్‌డీ రాదు, గట్టిగా పెంచితే పోదు.

ఇక ఆవిడ రెండో మాట, ‘పెద్దయితే కుదురుకుంటాడు’ అన్నది, సగమే నిజం. గెంతడం, కుర్చీలో మెలికలు తిరగడం వయసుతో పాటు తగ్గుతాయి. మతిమరుపు, మొదలుపెట్టిన పని మధ్యలో వదిలేయడం మాత్రం చాలామందిలో పెద్దయ్యాక కూడా ఉండిపోతాయి. 2007లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు పిల్లల మెదడు స్కాన్లు ఏళ్ల తరబడి తీసి పోల్చారు. మెదడు పైపొర ఎదుగుదలలో మామూలుగా ఏడున్నరేళ్లకి వచ్చే దశ ఏడీహెచ్‌డీ పిల్లల్లో పదిన్నరేళ్లకి వస్తోందని తేలింది. ఎదుగుదల ఉంది, ఆలస్యంగా ఉంది. కానీ ఆ మూడేళ్లు బడి ఆగదు కదా! రోజుకి ఇరవైసార్లు ‘నీకెన్నిసార్లు చెప్పాలిరా’ అనిపించుకునే పిల్లాడు పదేళ్లు వచ్చేసరికి తాను పనికిరానివాణ్నని నమ్మేస్తాడు. వాడి ఏకాగ్రత కన్నా నాకు దీని గురించే ఎక్కువ టెన్షన్.

మీ డాక్టరమ్మ పరీక్ష చేసిన తీరు సరిగ్గానే ఉంది. ఏడీహెచ్‌డీని తేల్చే రక్తపరీక్ష గానీ స్కాన్ గానీ లేదు. లక్షణాలు పన్నెండేళ్లలోపే మొదలై ఉండాలి, కనీసం ఆరు నెలలుగా ఉండాలి, ఇంట్లో ఒక్కచోటే కాకుండా బడిలోనూ కనిపించాలి. టీచర్‌తో ఫారం నింపించింది అందుకే. ఒకవేళ చూపు, వినికిడి పరీక్షలు కాకపోతే చేయించండి. రాత్రి గట్టిగా గురక పెడుతుంటే ఆ మాట డాక్టర్‌కి చెప్పండి, నిద్ర సరిగా పట్టని పిల్లలు కూడా పగలు అచ్చం ఇలాగే ఉంటారు. చదవడంలో అక్షరాలు తడబడుతుంటే అదీ విడిగా చూడాలి. వాడు క్లాసులో అందరికన్నా చిన్నవాడా? చాలా దేశాల్లో గమనించిందేంటంటే, ఒకే క్లాసులో వయసులో చిన్నవాళ్లకి ఈ ముద్ర ఎక్కువగా పడుతోంది. ఏడు నెలలు చిన్నవాణ్ని పెద్దవాళ్లతో పోల్చి చూస్తే చిన్నతనం కూడా జబ్బులాగే కనిపిస్తుంది.

ఇప్పుడు మీ ఇంట్లో గొడవ ‘మాత్ర వేయాలా, వద్దా’ అన్న దగ్గర ఆగిపోయింది. మీరూ మీవారూ కూర్చుని ముందు ఒక నోటుపుస్తకం తీసి, బాబు విషయంలో ఏ మూడు సంగతులు మారాలో రాయండి. ‘బుద్ధిగా ఉండాలి’ అని రాస్తే లాభం లేదు, దాన్ని కొలవలేం. ‘హోంవర్క్ ముప్పావుగంటలో అవ్వాలి’, ‘వారంలో నాలుగు రోజులైనా క్లాసు పని పూర్తిచేయాలి’, ‘ఉదయం బడికి తయారయ్యేటప్పుడు అరుపులు ఉండకూడదు’ – ఇలా. ఎందుకంటే మందు మార్చేది ఒకటి, శిక్షణ మార్చేది ఇంకొకటి. ఏది కావాలో రాసుకోనివాళ్లకి ఏ చికిత్స అయినా పనిచేసినట్టూ ఉంటుంది, చేయనట్టూ ఉంటుంది.

దీనికి పంచదార కథే మంచి ఉదాహరణ. 1994లో ఒక ప్రయోగం జరిగింది. ‘మా వాడు తీపి తింటే ఆగడు’ అని నమ్మే తల్లుల్ని, అయిదు నుంచి ఏడేళ్ల కొడుకులతో సహా పిలిచారు. పిల్లలందరికీ పంచదార లేని తియ్యటి పానీయమే ఇచ్చారు. సగం మంది తల్లులకి మాత్రం ‘మీవాడికి పంచదార బాగా పట్టించాం’ అని చెప్పారు. ఆ తల్లులకి తమ పిల్లలు ఎక్కువ అల్లరి చేస్తున్నట్టు కనిపించారు. పిల్లల్ని ఎక్కువగా తప్పుపట్టిందీ వాళ్లే, వెంట వెంట తిరిగిందీ వాళ్లే. ఆ మరుసటి ఏడాది 23 ప్రయోగాల ఫలితాలు కలిపి చూసినా, పంచదార పిల్లల ప్రవర్తనని మారుస్తుందనడానికి ఆధారం దొరకలేదు. దంతాల కోసం తీపి తగ్గించండి, ఏడీహెచ్‌డీ కోసం అక్కర్లేదు. ఏ చికిత్స గురించి ఎవరు గొప్పగా చెప్పినా ‘తేడా ఉందని చెప్పినవాళ్లకి, ఏం ఇచ్చారో ముందే తెలుసా?’ అని అడగండి. ఇక్కడి నుంచి నేను చెప్పేవన్నీ ఆ ప్రశ్న అడిగే చెబుతున్నాను.

ముందు మాత్ర సంగతి. మీవారు అనుకుంటున్నట్టు ఇది నిన్నా మొన్నా వచ్చిన మందు కాదు. మిథైల్‌ఫెనిడేట్‌ని 1944లో లియాండ్రో పానిజాన్ అనే రసాయన శాస్త్రవేత్త తయారుచేశాడు. భార్య ముద్దుపేరు రీటా అయితే ఆ పేరు మీదే దానికి రిటాలిన్ అని పేరు పడింది. 1950ల నుంచి వాడకంలో ఉంది. మెదడులో డోపమిన్, నార్ఎపినెఫ్రిన్ అనే రసాయనాలు విడుదలయ్యాక వెంటనే వెనక్కి లాగేసుకోకుండా ఇది అడ్డుపడుతుంది. దాంతో ‘ఈ పని మీదే ఉండు’ అనే సంకేతం కాస్త గట్టిగా, కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. మామూలు మాత్ర అరగంట, ముప్పావుగంటలో పని మొదలుపెట్టి నాలుగు గంటల్లోపే దిగిపోతుంది. నెమ్మదిగా విడుదలయ్యే రకాలు ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఉంటాయి. ఉదయం వేసింది సాయంత్రానికి ఉండదు, నిన్నటిది ఇవాళ అసలే ఉండదు. అంటే ఇది నయం చేసే మందు కాదు. పనిచేసినంతసేపు సాయపడే మందు.

ఆ సాయం మాత్రం చిన్నది కాదు. ఎవరికి మందు ఇచ్చారో, ఎవరికి ఉత్తి మాత్ర ఇచ్చారో తెలియకుండా చేసిన 133 ప్రయోగాలను 2018లో ఒకచోట చేర్చి విశ్లేషించారు. ప్రయోజనం, ఇబ్బంది రెండూ తూచి చూశాక పిల్లలకి మొదట వాడదగినది మిథైల్‌ఫెనిడేట్ అని తేల్చారు. సుమారు పదిమందిలో ఏడుగురికి ఈ తరహా మందుల్లో మొదటిదే పనిచేస్తుంది, మిగతావాళ్లలో చాలామందికి రెండోది పనిచేస్తుంది. మానసిక చికిత్సలో ఇంత బలంగా పనిచేసే మందులు ఎక్కువ లేవు. కాకపోతే ఆ ప్రయోగాల్లో చాలావరకు కొన్ని వారాలపాటు సాగినవే. ఏళ్ల తరబడి ఏమవుతుందనే ప్రశ్నకి వాటిలో జవాబు వెతకకూడదు.

ఆ జవాబు కోసం చేసిన పెద్ద ప్రయత్నం ఎంటీఏ అధ్యయనం. 1999లో ఫలితాలు వచ్చాయి. ఏడు నుంచి దాదాపు పదేళ్ల మధ్య వయసున్న 579 మంది పిల్లల్ని నాలుగు జట్లు చేశారు. ఒక జట్టుకి మందు, ఒక జట్టుకి ప్రవర్తన శిక్షణ, ఒక జట్టుకి రెండూ. నాలుగో జట్టు తమకి తెలిసిన డాక్టర్ల దగ్గరే చూపించుకుంది. పద్నాలుగు నెలల తర్వాత ఏకాగ్రత, కుదురు విషయంలో శిక్షణ ఒక్కటే తీసుకున్నవాళ్లకన్నా మందు జట్లు రెండూ ముందున్నాయి. రెండూ కలిపిన జట్టులో తక్కువ డోసు సరిపోయింది, తల్లిదండ్రులు ఎక్కువ సంతృప్తిగా ఉన్నారు. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది నాలుగో జట్టు సంగతి. అందులో మూడింట రెండొంతుల మంది పిల్లలు మందులు వాడుతున్నవాళ్లే. అయినా అధ్యయనంలో మందు తీసుకున్న జట్టుకన్నా వెనకబడ్డారు. ఈ నాలుగో జట్టుకి డోసు తక్కువ, డాక్టర్‌ని కలవడం ఎప్పుడో ఒకసారి. అధ్యయనంలోని మందు జట్టుకేమో మొదటి నెలలో ఎంత డోసు సరిపోతుందో పరీక్షించి తేల్చారు, తర్వాత నెలనెలా చూశారు, టీచర్‌ని కూడా అడిగారు.

కాబట్టి చీటీ తీసుకోవడంతో చికిత్స అయిపోదు. తక్కువ డోసుతో మొదలుపెట్టి, వారం వారం మీ నోటుపుస్తకంలోని మూడు సంగతులూ చూస్తూ డాక్టర్ సలహాతో పెంచాలి. టీచర్‌ని వారానికోసారి ఒక చిన్న ఫారం నింపమనండి. ఏ వారం డోసు మారిందో ఆవిడకి చెప్పకపోతే ఇంకా మంచిది, పంచదార తల్లుల కథ ఇక్కడ కూడా జరగొచ్చు కదా. సరైన డోసుకి వచ్చాక కూడా తేడా లేదంటే, ఆ మందుని పట్టుకుని వేలాడకండి, మార్చమని అడగండి. ఎంటీఏ పిల్లల్ని మూడేళ్ల తర్వాత మళ్లీ చూస్తే నాలుగు జట్ల మధ్యా తేడా పోయింది. అప్పటికి కొందరు మందు మానేశారు, కొందరు కొత్తగా మొదలుపెట్టారు కాబట్టి దాని అర్థం మీద పండితుల్లో ఇంకా వాదనలున్నాయి. నాకు తోచింది ఇది: ఏడాది బాగా చూసుకుంటే జీవితమంతా సరిపోతుందనుకోకూడదు. ఏటా ఒకసారి, డాక్టర్‌కి చెప్పి, పరీక్షలు లేని రోజుల్లో కొన్నాళ్లు ఆపి చూసి, ఇంకా అవసరమా అని తేల్చుకోవాలి.

మొద్దుబారిపోతాడా అన్నారు. డోసు ఎక్కువైతే అవుతాడు. నవ్వడు, ఆడడు, ఒక మూల బొమ్మలా కూర్చుంటాడు. అది మందు ‘బాగా పనిచేయడం’ కాదు, తగ్గించాలన్న సూచన. ఆ రోజే డాక్టర్‌కి ఫోన్ చేయండి. అల్లరి తగ్గింది కదా అని బడివాళ్లు సంతోషించినా సరే, మీరు ఒప్పుకోకండి. ఎక్కువమందిలో కనిపించేది ఆకలి మందగించడం. మధ్యాహ్నం తిండి కదపకుండా తిరిగి తెస్తారు. మాత్ర వేయకముందే ఉదయం కడుపునిండా పెట్టండి, మందు దిగాక సాయంత్రం, రాత్రి ఎంత అడిగితే అంత పెట్టండి. నిద్ర ఆలస్యం కావడం, కడుపునొప్పి, తలనొప్పి మొదటి వారాల్లో ఉండొచ్చు. మందు దిగే సమయానికి కొందరు పిల్లలు గంటసేపు చిరాకు పడతారు. ఆ గంటలో హోంవర్క్ పెట్టుకుంటే మాత్ర మీద నిందపడుతుంది, సమయం మార్చి చూడండి. ఏళ్ల తరబడి వాడితే ఎత్తు ఒకటి రెండు సెంటీమీటర్లు తగ్గవచ్చు, అందుకే ప్రతిసారీ ఎత్తు, బరువు, నాడి, బీపీ రాసిపెట్టాలి. బాబుకి గుండె జబ్బున్నా, ఆడుతుండగా ఎప్పుడైనా స్పృహ తప్పినా, మీ రెండు కుటుంబాల్లో ఎవరైనా చిన్నవయసులో ఉన్నట్టుండి చనిపోయి ఉన్నా మొదటి మాత్రకి ముందే డాక్టర్‌కి చెప్పండి. ఇది మరిచిపోవద్దు.

అలవాటు భయం గురించి: డాక్టర్ చెప్పిన డోసులో నోటితో తీసుకునే మాత్ర పిల్లల్ని వ్యసనపరుల్ని చేయదు. చిన్నప్పుడు ఈ మందు వాడినవాళ్లు పెద్దయ్యాక మత్తుకి ఎక్కువ లోనవుతున్నారనే భయాన్ని కూడా అధ్యయనాలు నిజం చేయలేదు. అయినా మాత్రల డబ్బా మీ చేతిలోనే, తాళం కిందే ఉండాలి. దీన్ని దుర్వినియోగం చేసే పెద్దవాళ్లున్నారు. ఇది పడకపోతే ఆటమాక్సెటిన్ అనే మరో మందు ఉంది. ఫలితం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మొదట్లో పిల్లాడి మనసు ఎలా ఉందో, చావు మాటలేమైనా మాట్లాడుతున్నాడా అని గమనించాలి. గ్వాన్‌ఫసిన్, క్లోనిడిన్ అనే మందులూ ఉన్నాయి, అవి మగత తెస్తాయి, వాటిని ఒక్కసారిగా ఆపకూడదు.

ఇక శిక్షణ. ఇందులో చాలామంది పొరబడేది ఏంటంటే, శిక్షణ పిల్లాడికి కాదు, అమ్మానాన్నలకి. ఆరేళ్లలోపు పిల్లల విషయంలో అమెరికా పిల్లల వైద్యుల సంఘం మార్గదర్శకాలు ముందు ఇదే చేయమంటాయి, మందు తర్వాతే. మీ బాబు వయసుకి రెండూ కలిపి చేయమంటాయి. వారానికో క్లాసు చొప్పున సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది.

ఉదయం దృశ్యం ఒకటి తీసుకుందాం. మీరు వంటింట్లోంచి ‘బ్యాగు సర్దుకుని, నీళ్ల సీసా పెట్టుకుని, బూట్లు వేసుకుని రా, ఎన్నిసార్లు చెప్పాలి’ అని కేకేస్తారు. వాడి చెవిన పడింది చివరి మాట ఒక్కటే, అదీ తిట్టు. శిక్షణలో నేర్పేది ఇలా ఉంటుంది: వాడి దగ్గరికి వెళ్లాలి. కళ్లలోకి చూసి ‘బూట్లు వేసుకో’ అని అంతే చెప్పాలి. అయిదారు క్షణాలు నోరు మూసుకుని ఆగాలి. ఇదే అన్నిటికన్నా కష్టం. చెయ్యి బూటు వైపు కదిలిన క్షణంలోనే ‘చెప్పగానే మొదలుపెట్టావే!’ అనాలి, రెండో బూటు అయ్యేదాకా ఆగకుండా. ఈ పిల్లలకి వారం తర్వాత వచ్చే సైకిల్ కన్నా ఇప్పుడు దొరికే చుక్క గుర్తు బలంగా పనిచేస్తుంది. చిన్నచిన్న అల్లరిని చూసీ చూడనట్టు వదిలేయాలి. మొదటి పదిరోజులు ఆ అల్లరి తగ్గడం మాట అటుంచి పెరుగుతుంది కూడా, ఇన్నాళ్లూ పనిచేసిన ఆయుధం పనిచేయడం లేదని వాడు ఇంకాస్త గట్టిగా ప్రయత్నిస్తాడు. చాలా ఇళ్లలో సరిగ్గా అప్పుడే ‘ఇది పనిచేయదు’ అని మానేస్తారు.

దీనికీ మనం అదే ప్రశ్న వేయాలి. 2013లో ప్రచురించిన ఒక విశ్లేషణలో, శిక్షణ తీసుకున్న తల్లిదండ్రులు తమ పిల్లల ఏకాగ్రత బాగా పెరిగిందన్నారు. ఏ పిల్లాడి ఇంట్లో శిక్షణ జరిగిందో తెలియనివాళ్లు చూస్తే ఆ పెరుగుదల దాదాపు కనిపించలేదు. అయితే మరుసటి ఏడాది చేసిన విశ్లేషణలో, అలా తెలియనివాళ్లు చూసినా, తల్లిదండ్రుల తీరు మెరుగైంది, పిల్లల మొండితనం, ఎదురుతిరగడం తగ్గాయి. అంటే క్లాసు పని పూర్తికావడానికి మందు, ఉదయం అరుపులు ఆగడానికి శిక్షణ. మీ నోటుపుస్తకంలో ఈ రెండూ ఉంటే రెండూ కావాలి.

బడితో కూడా మాట్లాడండి. రోజూ ఇంటికి వచ్చే ఒక చిన్న కార్డు పెట్టుకోవచ్చు. ‘చెయ్యెత్తి మాట్లాడాడు’, ‘లెక్కలు పూర్తిచేశాడు’ లాంటివి మూడు నాలుగుకి మించకూడదు. టీచర్ టిక్కు పెడతారు, ఇంట్లో ఆ సాయంత్రమే చిన్న బహుమతి. ముందు వరసలో సీటు, పెద్ద పనిని ముక్కలు చేసి ఇవ్వడం, పది లెక్కల బదులు అయిదు ఇవ్వడం కూడా అడగవచ్చు.

ఆ నలభై సిట్టింగుల గురించి నా మాట: ఆ డబ్బు దాచుకోండి. తీగలు పెట్టి చేసే ఆ పద్ధతిని న్యూరోఫీడ్‌బ్యాక్ అంటారు. 2021లో ప్రచురించిన ఒక ప్రయోగంలో సరిగ్గా మీ బాబు వయసువాళ్లనే, ఏడు నుంచి పదేళ్ల పిల్లలు సుమారు 140 మందిని తీసుకుని, కొందరికి నిజమైన శిక్షణ, కొందరికి ఉత్తుత్తి శిక్షణ 38 సిట్టింగుల దాకా ఇచ్చారు. రెండు జట్లూ మెరుగుపడ్డాయి, కానీ రెండింటి మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ సెంటర్ వాళ్లు మెరుగైన పిల్లల్ని చూపిస్తారు, అబద్ధం కూడా కాదు, ఉత్తుత్తి తీగలతోనూ మెరుగయ్యేవాళ్లే మరి. చేపనూనె మాత్రల వల్ల ఏదో చాలా కొద్దిగా తేడా ఉంటుంది, మందుకి బదులు కాదు. ఆటలు ఆడించండి, వేళకి నిద్రపుచ్చండి. వాటికి చీటీ అక్కర్లేదు.

మీవారి సంగతి. ఆయన్ని వాదనతో గెలవాలని చూడకండి. చిన్నప్పుడు తానూ ఇంతేనట కదా, అప్పుడు బడిలో ఎలా ఉండేదో ఒక సాయంత్రం అడిగి చూడండి. ‘నేను మందు లేకుండానే బాగుపడ్డాను’ అనే మాట వెనక ఎన్ని దెబ్బలున్నాయో ఒక్కోసారి అప్పుడు బయటికొస్తుంది. తర్వాత ‘నాలుగు వారాలు వేసి చూద్దాం, పుస్తకంలో రాద్దాం, తేడా లేకపోతే మీరన్నట్టే ఆపేద్దాం’ అనండి. ఈ మందుకి ఆ సౌకర్యం ఉంది, పడకపోతే డాక్టర్‌కి చెప్పి ఆపేయవచ్చు. మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ పుస్తకం మీవారి చేతికే ఇవ్వండి.

బాబుకి ఏమని చెప్పి ఇవ్వాలన్నారు. విటమిన్ అని చెప్పకండి, ఎప్పుడో ఒకప్పుడు డబ్బా మీద పేరు చదువుతాడు. ‘నీ బుర్ర చాలా వేగంగా పరిగెడుతుంది, పనిచేసేటప్పుడు ఒకచోట నిలబడటానికి ఇది సాయం చేస్తుంది, ఎలా ఉందో నువ్వే నాకు చెప్పాలి’ అనండి. అల్లరి చేసినప్పుడు ‘ఇవాళ మాత్ర వేసుకోలేదా’ అని మీరు గానీ, అత్తగారు గానీ, బడిలో ఎవరు గానీ అనకూడదు. లెక్కలన్నీ పూర్తిచేసి ఇంటికి వచ్చిన రోజున ‘మాత్ర బాగా పనిచేసిందే’ అనకండి. ఆ లెక్కలు చేసింది వాడు. పుస్తకం తెరిచి, ఏది ఎలా చేశాడో వాడి చేతే చెప్పించుకోండి.